నాడెపుండు అనుకున్నాం

1999 జులై 16, శుక్రవారం, పగలు పన్నెండు గంటల నలభై నిమిషాలకు మా కోడలు అన్నం తింటూ తింటూ కంచం పక్కకు జరిపింది. పచ్చిపులుసు నాలికకు తగిలి భగ్గుమందట. గడియారం వంక నేను ఊరికే చూడలేదు. ఒంటిగంటకు నల్లా వస్తుంది, అంతకు ముందే బిందెలు వరుసలో పెట్టాలి. శుక్రవారం ముంబై పక్క భివండిలో, మా పద్మనగర్‌లో, కరెంటు సెలవు. సాంచాలన్నీ ఆగిపోయి, వారంలో ఆ ఒక్క రోజే ఇంట్లో మనిషి మాట మనిషికి వినపడుతుంది. సాంచా అంటే మరమగ్గం. మాకు ఆరు ఉండేవి, ఇంటి వెనకే, రేకుల కార్ఖానాలో.

కోడలంటే పరాయి పిల్ల కాదు, మా తమ్ముడి కూతురు. అప్పటికి ఇరవై నాలుగేళ్లు. 1995లో నా కొడుక్కు చేసుకుని కరీంనగర్ వైపు నుంచి తెచ్చుకున్నాం. వాళ్లకు మూడేళ్ల కూతురు. మా ఆయన పోయి అప్పటికి ఆరేళ్లు. ఇంట్లో ఉన్నది మేం నలుగురమే. నా కొడుకు మాట తక్కువ మనిషి. ఆ లోటు ఆమె తీర్చేది. నూలు సేటు దగ్గరి గుమాస్తా ముక్కుతో ఎలా మాట్లాడతాడో, సాంచా బాగుచేసే జాపరు ప్రతి మాటకూ ముందు ఎలా దగ్గుతాడో అచ్చంగా దించేది. నేను బియ్యం కొలుస్తూ లెక్కపెట్టేటప్పుడు ఏడు దగ్గర ఒకసారి ఆగుతానట. నాకు తెలియదు. ఆమె చేసి చూపిస్తే వాడకట్టంతా నవ్వింది. నేనూ నవ్వాను.

ఆ రోజు ఆమెను గడపలో వెలుతురుకు నిలబెట్టి నాలిక చూపించమన్నాను. ఎడమ అంచున, వెనక దంతాలు తగిలే చోట, జొన్నగింజలో సగమంత ఎర్రటి పుండు. చుట్టూ తెల్లటి గీత.

"ఎన్నొద్దులాయె?" అన్నాను.

"వారం దాటింది అత్తా. నాడె కొరికిందనుకున్న."

"నాడె నిన్ను కొరికిందా, నువ్వు నాడెను కొరికినవా?"

"ఇద్దరం ఇద్దరమే. ఎవరూ తగ్గలే," అంది.

నాడె అంటే సాంచాలో అటూ ఇటూ పరుగెత్తే చెక్క పడవ లాంటిది. దాని కడుపులో దారం చుట్టిన కండె ఉంటుంది. కండె అయిపోతే కొత్తది పెట్టి, దారం కొసను నాడె పక్కనున్న చిన్న కన్నంలోంచి బయటికి తీయాలి. దానికి అందరం చేసే పని ఒకటే. కన్నానికి నోరు ఆనించి చప్పున పీలుస్తాం. దారం నోట్లోకి వస్తుంది, పళ్లతో పట్టి లాగేస్తాం. రెప్పపాటు పని. సాంచా ఆగిన ప్రతిసారీ అదే. అందుకే మా వాళ్ల నోళ్లలో ఎప్పుడూ ఏదో ఒక పుండు. దారం కోసినదో, చెక్క పేడు గీసినదో. దాన్ని మా ఇళ్లల్లో నాడెపుండు అనేవాళ్లం. ఆడవాళ్లం ఎక్కువగా కండెలు చుడతాం గానీ, మగవాళ్లు తినడానికి లేచినప్పుడు సాంచాలు మేమే చూస్తాం. మా కోడలు రోజుకు నాలుగైదు గంటలు చూసేది.

నాడెపుండుకు వైద్యం అందరికీ తెలిసిందే. నాడెకు నోరు పెట్టొద్దు, పటిక నీళ్లు పుక్కిలించాలి, పడుకునే ముందు నెయ్యి రాయాలి. పది రోజుల్లో పోతుంది. నా కొడుకు సైకిలు పుల్ల వంచి చిన్న కొక్కెం చేసి ఇచ్చాడు, దారం దాంతో లాగమని. అది చాలా ఆలస్యమని ఆమె విసుక్కుంటే, సాంచా మీదికి అసలు రావొద్దని కండెల మిషను దగ్గర కూర్చోబెట్టాం.

పది రోజులు దాటాయి, పుండు పోలేదు. అప్పుడు మేం రంగును అనుమానించాం. ఆ నెల మామూలు తెల్ల నూలు కాక ఎర్ర రంగు నూలు నడుస్తోంది. నోరు పెట్టినవాళ్లకల్లా ఉమ్మి ఎర్రగా వచ్చేది. రంగు పడలేదేమోనని ఉన్న ఎర్ర నూలు అయిపోయాక తెల్ల నూలుకు మారాం. మళ్లీ రెండు వారాలు చూశాం. రంగు విషం నోట్లోంచి దిగడానికి అంత సమయం పడుతుందని జాపరు చెప్పాడు. అతనికి ఎవరు చెప్పారో తెలియదు. మాది నోటితో చేసే పని కాబట్టి నోటికి ఏం వచ్చినా దాని మూలం కార్ఖానాలోనే దొరుకుతుందని మా అందరి నమ్మకం. ఒకటి కాకపోతే ఇంకొకటి దొరికేది కూడా.

ఆగస్టు నడుమ వాడకట్టు డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లాను. ఆయన మొదట అడిగినవి మూడు ప్రశ్నలు. గుట్కా తింటుందా, పొగాకు నములుతుందా, వక్క వేసుకుంటుందా. మూడింటికీ లేదన్నాం. అయితే భయపడే పని లేదు, ఈ వయసులో అదేం కాదు అని విటమిన్ గోలీలు రాశాడు. గోలీలు అయిపోయాక పళ్ల డాక్టరు దగ్గరికి పోయాం. వెనక దంతం ఒకటి మొనదేలి నాలికకు గీసుకుంటోందని ఆయన దాన్ని రాకి నునుపు చేశాడు. నిజంగానే ఆ పన్ను మొనదేలి ఉంది, నేనూ వేలు పెట్టి చూశాను. అలవాటు లేదన్న మాట వినగానే అందరూ నిమ్మళపడేవాళ్లు. మేమూ నిమ్మళపడ్డాం.

ఎదురింటి ముసలామె మాత్రం నిమ్మళపడలేదు. ఆమెదీ మా జిల్లానే, నాకంటే రెండేళ్ల ముందు భివండి వచ్చింది. ఇక్కడి ఆడవాళ్లను చూసి మశేరి నేర్చుకుంది. మశేరి అంటే కాల్చిన పొగాకు పొడి. పళ్లు తోముకుంటున్నామంటారు గానీ, గంటసేపు చిగుళ్లకు రుద్దుతూ కూర్చుంటారు. ఒకనాడు పొద్దున డబ్బా చేతిలో పట్టుకునే వచ్చి, నా పక్కన మెట్టు మీద కూర్చుంది.

"చెల్లె, నీ కోడలు చాటుకు మశేరి పెడుతున్నదేమో అడుగు. నోరు గట్లయితే గదే."

"మా ఇంట్ల చిటికెడు జీలకర్ర తగ్గినా నాకు తెలుస్తది," అన్నాను. "పెట్టేది నువ్వు, అడిగేది దాన్నా?"

ఆమె నవ్వింది. కోపం తెచ్చుకునే మనిషి కాదు. కానీ ఆ మాట మా గల్లీలో నాలుగిళ్లకు పాకింది. కోడలి చెవిన పడిన రోజు ఆమె గడప దాటలేదు. మరునాడు మాత్రం అరుగు మీద కూర్చుని, చూపుడువేలు నోట్లో పెట్టుకుని, కళ్లు అరమూసి, ఎదురింటామె మశేరి రుద్దుకునే తీరు చేసి చూపించింది. ఆ ముసలామే అందరికంటే ఎక్కువ నవ్వింది. నేను చూసిన కోడలి ఆఖరి వేషం అదే.

సెప్టెంబరు 12, ఆదివారం సాయంత్రం, మనవరాలిని ఆడించడానికి వరాలా తలావ్ చెరువు గట్టుకు పోయాం. నడుస్తూ నడుస్తూ కోడలు ఎడమ చెవి మీద చెయ్యి పెట్టుకుంది. నాలుగు రోజుల నుంచి చెవిలో పోటు వస్తోందట. అన్నం మింగితే ఎక్కువవుతోందట. చెవి చూస్తే శుభ్రంగా ఉంది. గట్టు మీద కూర్చోబెట్టి, కొంగుతో వేలు తుడుచుకుని, ఆ పుండును మొదటిసారి వేలితో తాకాను. అంతకు ముందు కళ్లతో చూడడమే తప్ప ముట్టుకోలేదు. మామూలు పుండు మెత్తగా ఉంటుంది. ఇది అడుగున గట్టిగా ఉంది. నేసిన బట్ట తాను మడత పెడుతుంటే గుడ్డ లోపల ముడి చేతికి తగులుతుంది చూడండి, పైకి కనపడకుండా, అట్లా తగిలింది.  రేపు పక్క పట్నం ఠాణాకు, పెద్ద డాక్టరు దగ్గరికి పోదాం అన్నాను.

ఠాణా డాక్టరు చూడగానే చీటీ రాసి ముంబైలోని పెద్ద ఆసుపత్రికి పంపాడు. 20వ తేదీ సోమవారం అక్కడ నాలిక మీది నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు ఇచ్చారు. 27వ తేదీ సోమవారం ఫలితం చెప్పారు. క్యాన్సర్ అన్నారు.

ఆ చెప్పిన డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, నా కొడుకు ఈడుది. హిందీలో నెమ్మదిగా మాట్లాడింది. మళ్లీ అవే ప్రశ్నలు. మశేరి కూడా అడిగింది. నా కోడలు తల ఎత్తకుండా లేదు, లేదు అంటూ పోయింది. ఎన్నోసారి లేదనడమో, నమ్ముతారో లేదో అన్న సందేహమో, చివరి లేదు చాలా మెల్లగా అంది. డాక్టరమ్మ కలం కింద పెట్టి, నేను నమ్ముతున్నాను అంది. తమ దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది పొగాకు వాళ్లేనట, కానీ అందరూ కాదట. ఏ అలవాటూ లేని చిన్న వయసు వాళ్లు కూడా వస్తుంటారట, వాళ్లలో చాలామందికి ఇట్లా నాలిక అంచునే వస్తుందట.

నేను నాడె సంగతి చెప్పాను. నోటితో పీలుస్తామని, రంగు నూలు నడిచిందని, పన్ను మొనదేలిందని అన్నీ వరుసగా చెప్పాను. ఆమె ఓపికగా విన్నది. నాడె వల్ల వస్తుందని తాను ఎక్కడా చదవలేదంది. నోరు పెట్టడం మంచి పని కాదు, మానేయండి, కానీ దీనికి అదే కారణమని మాత్రం చెప్పలేనంది.

"మరి కారణమేంది?" అన్నాను.

"తెలియదు," అంది.

ఇంట్లో పావలా తేడా వస్తే అది దొరికేదాకా నాకు అన్నం సహించదు. ఇంత పెద్ద తేడాకు తెలియదన్న జవాబు తీసుకుని బయటికి రావడం నాకు చాలా కష్టమైంది. అయితే అప్పటిదాకా కలిసిన డాక్టర్లలో, జాపరుతో సహా, తెలియదన్న మాట అన్నది ఆమె ఒక్కతే. అందుకే మిగతా మాటలు కూడా నమ్మాను. నాలికలో ఎడమవైపు మూడో వంతు తీసేయాలి, మెడలో గ్రంథులు తీయాలి, తర్వాత కరెంటు వైద్యం, అంటే రేడియేషన్. అక్టోబరు 14కు మంచం దొరుకుతుంది. ఆలస్యం చేస్తే మూడో వంతుతో పోదు, ఆపైన మనిషే దక్కదు. ఇంత విడమరిచి చెప్పింది.

తిరుగు బస్సు కాశేలి దగ్గర లారీల మధ్య ఇరుక్కుని ముప్పావు గంట ఆగిపోయింది. గోదాముల్లోంచి బండ్లు వస్తూనే ఉన్నాయి. కోడలు కిటికీ పక్కన కూర్చుంది.

"నేను కోయించుకోను అత్తా," అంది.

"ఎందుకు?"

"మూగగ బతుకుడేంది?"

"మూగ అనలే ఆమె. ముద్దగ వస్తది, మెల్లమెల్లగ తెలుస్తది అన్నది."

"ముద్దగ మాట్లాడితే నేనే ముందు నవ్వుత. నేనే వేషం కడ్త. ఊరందరి మీద కట్టిన గదా, నా మీద ఎవరు కట్టరా?"

 ఆమె భయం చావు గురించి కాదని అప్పుడు అర్థమైంది.

తర్వాతి తొమ్మిది రోజులు మా ఇంట్లో గడిచిన తీరు చెప్పడం కష్టం. ఎవరూ అరవలేదు, ఎవరూ అలగలేదు. ఊరి నుంచి మా తమ్ముడు వచ్చాడు. కూతురి ముందు కూర్చుని, నోరు తెరిస్తే ఏడుపు వస్తుందని నోరు తెరవకుండానే రెండు రోజులు ఉండి పోయాడు. నేను మూడుసార్లు నచ్చజెప్పాను. ఇరవై నాలుగేళ్లు, మూడేళ్ల పిల్ల, మూడో వంతు, ఇట్లా లెక్కలే చెప్పాను. ఆమె వింటూ పిల్లకు జడ వేసింది. వద్దంటున్నప్పుడు కూడా ఆమె గొంతు మామూలుగానే ఉంది. మాట్లాడితే మంట పుడుతోందని ఆ రోజుల్లో బాగా తగ్గించింది. ఇంట్లో ఎక్కువగా సైగలే. నా కొడుకు ఒక్క మాటా అనలేదు. పొద్దున ఎనిమిదింటికి కార్ఖానాలోకి పోయేవాడు, రాత్రి ఎనిమిదింటికి వచ్చేవాడు. వాడి మీద నాకు కోపం కూడా వచ్చింది.

అక్టోబరు 6, బుధవారం, మూడింటికి ఆమె కార్ఖానాలోకి చాయ్ తెచ్చింది. నేను గోడ పక్కన బల్ల మీద తాన్లు మడత పెడుతున్నాను. ఆరు సాంచాలూ నడుస్తున్నాయి. సాంచాలు నడిచే చోటికి ఎప్పుడూ రానివాళ్లకు ఆ చప్పుడు ఎట్లుంటుందో చెప్పినా తెలియదు. చెవి దగ్గర నోరు పెట్టి అరిచినా వినపడదు. అందుకే మేం అరవం. గొంతు పూర్తిగా మానేసి పెదవులతోనే మాట్లాడుకుంటాం, కొంచెం సాగదీసి, కొంచెం పెద్దగా. ఆ చివరి సాంచా దగ్గరున్న మనిషి ఈ చివర మనిషితో ఇంటి సంగతులన్నీ చెప్పుకుంటాడు. కొత్తగా పనికి వచ్చినవాడికి సాంచా నేర్చుకోవడానికి ఒక నెల, పెదవులు చదవడానికి ఇంకో నెల. నాకు ముప్పై ఏళ్ల అలవాటు. పక్కనుంచి చూసినా తెలిసిపోతుంది. చూడకుండా ఉండలేకపోయాను.

నా కొడుకు మూడో సాంచాకు కండె మారుస్తూ తలెత్తి ఆమెను చూశాడు.

"ఎన్ని దినాలు గిట్ల?" అన్నాడు, పెదవులతో.

"కోస్తే మాట పోతది," అంది ఆమె. చాయ్ గ్లాసు చేతిలోనే ఉంది.

"ఇప్పుడు నీ మాట నాకు ఇనవడ్తున్నదా?"

ఆమె గ్లాసును ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"నాలుగేండ్ల సంది రోజూ ఈడనే కొట్లాడుతున్నం. ఒక్క మాటన్న ఇన్ననా నేను?"

"ఇనకుంటే అన్నిటికి జవాబెట్ల ఇచ్చినవ్?"

"సూసిన," అన్నాడు.

నాడెలో దారం తెగి నాలుగో సాంచా ఆగింది. వాడు అటు తిరిగాడు. ఆమె గ్లాసు సాంచా చట్రం మీద పెట్టి, వాడు దారం అతికేదాకా చూసి, బయటికి వచ్చేసింది. సాయంత్రం చాటలో బియ్యం చెరుగుతూ నన్ను అడిగింది.

"ఆ డాక్టరమ్మ ఏ తారీఖు చెప్పింది అత్తా?"

"పద్నాలుగు."

"బతుకమ్మ ఉంటది గదా నడుమ."

"ఉంటది. మళ్లొచ్చే ఏడు కూడా ఉంటది," అన్నాను.

ఆపరేషన్ ఆరు గంటలు పట్టింది. పది రోజులు ముక్కులో గొట్టంతోనే పాలు, గంజి. తీసిన మెడ గ్రంథుల్లో ఒక్కదానిలోకి మాత్రం రోగం పాకిందని తర్వాత చెప్పారు. అందుకే రేడియేషన్ తప్పలేదు. గొట్టం తీసిన రోజు మా అందరికీ ఇంకొక సంగతి తెలిసింది. ఆమె పెదవి ఎడమ మూల కిందికి జారిపోయింది. మెడలో కోసేటప్పుడు పెదవికి పోయే నరం ఒకటి సాగుతుందట, నెలల్లో తిరిగి వస్తుందట. డాక్టరమ్మ ముందే చెప్పిందట, మాకు తలకెక్కలేదు. పెదవుల మీద నమ్మకం పెట్టుకుని కోయించుకున్న మనిషికి ఆ పెదవే వంకర పోయింది.

కార్ఖానాకు మళ్లీ వచ్చిన మొదటి రోజున ఆమె ఏదో అంటోంది, నా కొడుకు చూస్తున్నాడు, అర్థం కావడం లేదు. మూడుసార్లు చెప్పింది. నాకూ తెలియలేదు. ఆమె కళ్ల నిండా నీళ్లు వచ్చాయి. చేతిలోని కండెను గంపలోకి విసిరేసి పోయింది. ఆ రాత్రి అన్నం దగ్గర నా కొడుకుతో ముద్దగా, ఒక్కో మాటా ఏరుకుంటూ అంది:

"నువ్వు నన్ను మోసం చేసినవ్."

వాడు కాదనలేదు. మరునాటి నుంచి ఆమె ఎదుట నిలబడి, ఆమె పెదవి కుడి సగం ఒక్కటే చూడడం నేర్చుకున్నాడు. అట్లా రెండు నెలలు పట్టింది.

నవంబరు 29 నుంచి జనవరి 7 దాకా, శని ఆదివారాలు వదిలి, ముప్పై రోజులు రేడియేషన్‌కు పోయాం. పొద్దున ఆరు గంటల బస్సులో ఠాణా, అక్కడి నుంచి లోకల్ బండి. బల్ల మీద మా పక్కన కూర్చునేవాళ్లు చాలామంది యాభై దాటిన మగవాళ్లు, పళ్లు నల్లబడినవాళ్లు. ఎవరైనా కొత్తగా వస్తే ఈ పిల్లను చూసి, పేషెంటు నేనే అనుకునేవాళ్లు. "మాయీ, మీకు ఎక్కడ?" అని నన్నే అడిగేవాళ్లు. ఆమె వేలితో తన నోటిని చూపించేది. వాళ్లు వెంటనే గుట్కానా అని అడిగేవాళ్లు. మొదట్లో నేను జవాబు చెప్పేదాన్ని. తర్వాత ఆమె నా మోకాలి మీద చెయ్యి వేసి ఆపేసేది. నోరంతా పొక్కి, నీళ్లు మింగినా కారం తిన్నట్టుండేది. ఆ ఆరు వారాల్లో ఆమె చల్లటి మజ్జిగ, మెత్తగా నలిపిన అన్నం తప్ప ఏమీ తినలేదు. అదీ చెంచాతో, గంటకు పైగా.

ఎదురింటి ముసలామె ఆ రోజుల్లోనే వచ్చింది. చేతిలో డబ్బా లేదు. పడుకున్న కోడలి కాళ్ల దగ్గర కూర్చుంది.

"నాకు రావాల్సింది దీనికొచ్చింది చెల్లె," అంది.

"నీకు రావాల్సిందని ఎవరు రాసిండ్రు?" అన్నాను.

"నలభై ఏండ్ల సంది రుద్దుతున్న."

కోడలు కళ్లు తెరిచి, ఎత్తిన వేలితో మశేరి రుద్దినట్టు చేసి, వద్దని ఆ వేలే అడ్డంగా ఊపింది. ముసలామె మానేస్తానంది. మూడు వారాలు మానేసింది కూడా. తర్వాత మళ్లీ మొదలుపెట్టింది. తొంభై దగ్గరికి వస్తోంది, ఇంకా ఉంది. ఈ సంగతి నేను ఎవరికి చెప్పినా నవ్వుతారు. కానీ నేను చెప్పేది నవ్వడానికి కాదు, మశేరి మంచిదనడానికీ కాదు. మా గల్లీలోనే గుట్కాతో దవడలు పోయిన మగవాళ్లను ఇద్దరిని చూశాను. ఒక మనిషిని చూసి ఇంకో మనిషి రోగం తేల్చలేమని మాత్రమే చెబుతున్నాను.

మార్చి నాటికి పెదవి చాలావరకు తిరిగి వచ్చింది. కార్ఖానాలో ఆమె మునుపటిలాగే మాట్లాడేది. జాపరు ఆమెతో మాట్లాడి, చాయ్ తాగి పోయి, ఈమెకు ఆపరేషన్ ఎప్పుడు అని బయట నన్ను అడిగాడు. అయిపోయిందంటే నమ్మలేదు. కార్ఖానా తలుపు దాటితే మాత్రం వేరే సంగతి. ప, బ, మ చక్కగా వచ్చేవి. ట, డ, ల, ర దగ్గర మాట జారేది. కూరగాయల బండివాడు క్యా, క్యా అని రెండుసార్లు అడిగేసరికి, వేలు చూపించి, ఇచ్చింది తీసుకుని వచ్చేది. బేరం మానేసింది. ఫోను మోగితే ఎత్తడం మానేసింది. పుట్టింటికి ఉత్తరాలు రాయడం మొదలుపెట్టింది, అంతకు ముందు ఎస్టీడీ బూతులో పది నిమిషాలకు తక్కువ మాట్లాడేది కాదు. పొద్దున వంటింట్లో చిన్న అద్దం ముందు నిలబడి, ఆసుపత్రిలో నేర్పిన మాటలు చెప్పుకునేది. నేను అటు పోయేదాన్ని కాదు.

మనవరాలికి మాత్రం ఏ ఇబ్బందీ లేదు. దానికి అది అమ్మ మాట, అంతే. కొన్నాళ్లు అదీ ర ను తల్లిలాగే పలికింది. బడిలో మరాఠీ టీచరు సరిచేసింది.

మొదట నెలకోసారి, తర్వాత మూడు నెలలకు, తర్వాత ఆరు నెలలకు చూపించుకోవడానికి పోయేవాళ్లం. పోయిన ప్రతిసారీ ముందు రోజు నుంచి నా కొడుక్కు అన్నం దిగేది కాదు. 2004 అక్టోబరు 14, గురువారం, ఆ డాక్టరమ్మే మెడ తడిమి, నాలిక చూసి, ఇక ఏడాదికోసారి రండి చాలు అంది. అప్పటికి ఆమె జుట్టులో కూడా నాలుగు తెల్ల వెంట్రుకలు వచ్చాయి. కారణం ఏమైనా తెలిసిందా అని అడిగాను. వెతుకుతున్నారు, ఇంకా లేదు అంది. అప్పటికే మా కార్ఖానాలో నోటితో దారం పీల్చడం మాన్పించేశాను. కొక్కెం వాడకపోతే పని లేదన్నాను. ఆలస్యమని అందరూ గొణిగారు, ఇప్పటికీ గొణుగుతారు. దానివల్ల ఈ రోగం ఆగుతుందని కాదు. నోటి పుండ్లు తగ్గితే, తగ్గని పుండు ఏదో తొందరగా కనపడుతుందని.

పది రోజులకు మానని పుండు ఎవరి నోట్లో ఉన్నా, వాళ్ల వయసెంతైనా, అలవాటు ఉన్నా లేకున్నా, ఠాణా పంపిస్తాను. ఇప్పటికి నలుగురిని పంపాను. నలుగురికీ ఏమీ లేదని తేలింది. రానుపోను కూలీ దండగయిందని ఒకతను నాతో మాట్లాడడం మానేశాడు.

పోయినవి ఇవి. నాలికలో ఎడమవైపు మూడో వంతు. మెడలో గ్రంథులు ఇరవై ఆరు. రేడియేషన్‌కు ముందు తీసేసిన దంతాలు నాలుగు. ఒంట్లో పదకొండు కిలోలు, అందులో ఏడు తిరిగి వచ్చాయి. ఎడమవైపు రుచి. నోట్లో ఉమ్మి సగం. మొదటి శుక్రవారం నుంచి ముంబై చేరేదాకా అరవై ఆరు రోజులు. గుమాస్తా గొంతు, జాపరు గొంతు, నా గొంతు. మళ్లీ ధైర్యం చేయని రెండో కాన్పు. ఆరు సాంచాల్లో, వైద్యం ఖర్చుకు అమ్మినవి, రెండు.